మందు గురి, గుండె లయ

(కరీంనగర్‌లో వైద్యులు, ఫార్మసిస్టులు, వైద్య విద్యార్థుల ముందు చేసిన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం)



కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి పల్లెల్లో సుబ్బారావు గారి మందు మింగనివాళ్లు తక్కువ. అది ఆయన మందని మింగినవాళ్లకు తెలియదు, అంతే. బోదకాలు రాకుండా ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి కళ్లముందే మింగించే డీఈసీ గోలీ, 1947లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందం వెలికితీసినదే. ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివారు. 1923లో బోస్టన్ చేరారు. మళ్లీ ఈ దేశం చూడకుండానే 1948 ఆగస్టులో అమెరికాలోనే కన్నుమూశారు.

ఆయన పోవడానికి రెండు నెలల ముందు, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడి వ్యాసం అచ్చయింది. లుకేమియాతో ఉన్న 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ అనే మందు ఇస్తే 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కు తగ్గింది. ఆ మందు లెడర్లీలో సుబ్బారావు గారి బృందం తయారు చేసి పంపినదే. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను మన పెద్దాసుపత్రుల్లో ఇవాళ్టికీ రాస్తూనే ఉన్నారు. క్యాన్సర్ గురించి మాట్లాడితే సుబ్బారావు గారి పేరు ఇక్కడ తలుచుకోవడం రివాజు. నేను మాత్రం ఆయన అంతకు చాలా ముందు చేసిన పని దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే ఇవాళ్టి విషయానికి వేరు అక్కడుంది.

1929లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన కండరంలో ఏటీపీ అనే అణువును గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దాన్ని పట్టుకున్నాడు. కణానికి ఏ పని చేయాలన్నా ఖర్చుపెట్టే శక్తి ఏటీపీ. గుండె కొట్టుకునేది దాంతోనే. శరీరంలో కైనేజ్‌లనే ఎంజైమ్‌లు ఉన్నాయి, మనిషిలో దాదాపు 518. ఇవి ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేట్ తీసి వేరే ప్రోటీన్‌కు తగిలిస్తాయి. కణం పెరగాలా, ఆగాలా అన్న కబురు అలా చేరుతుంది. సీఎంఎల్ అనే రక్త క్యాన్సర్‌లో ఇలాంటి కైనేజ్ ఒకటి ఆగకుండా పెరగమనే కబురు పంపుతూనే ఉంటుంది. 2001లో అమెరికాలో అనుమతి పొందిన ఇమాటినిబ్, ఆ కైనేజ్‌లో ఏటీపీ కూర్చునే చోట తాను కూర్చుంటుంది. కబురు ఆగిపోతుంది. తర్వాత వచ్చిన నిలోటినిబ్, సొరాఫెనిబ్, సునిటినిబ్, వాండెటానిబ్, ఆసిమెర్టినిబ్, రైబోసిక్లిబ్ లాంటివన్నీ ఇదే పద్ధతి మందులు. అంటే సుబ్బారావు గారు కనిపెట్టిన అణువు చోటును కబ్జా చేయడమే వీటి పని.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ చోటు 518 కైనేజ్‌లలోనూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. గురి చూసి కొట్టే మందులని మనం పేరు పెట్టుకున్నాం గానీ, ఏ మందూ ఒక్కదాన్నే కొట్టదు. పక్కవాటికీ తగులుతుంది, అవి గుండె కణంలోనూ ఉంటాయి. కొన్ని మందులైతే కైనేజ్‌లతో సంబంధమే లేని, గుండె కణంలోని అయాన్ దారులకు అడ్డం పడతాయి.

ధర సంగతి ఒక్క మాటలో చెప్పి ముందుకు పోతాను. ఇమాటినిబ్ అసలు కంపెనీ మందుకు నెలకు దాదాపు లక్షా 20 వేల రూపాయలయ్యే రోజుల్లో, హైదరాబాద్‌లోని నాట్కో లాంటి మన కంపెనీలు అదే మందును పది వేల లోపుకు తెచ్చాయి. సొరాఫెనిబ్‌కు 2012 మార్చిలో నాట్కోకు నిర్బంధ లైసెన్స్ వచ్చింది. నెలకు 2,80,428 రూపాయల మందు 9 వేల లోపుకు దిగింది. మంచిదే, చాలా మంచిది. అయితే దాంతోపాటు మందు తావు కూడా మారింది. పెద్దాసుపత్రి ఉన్న నగరంలో మింగే గోలీ కాస్తా, కథలాపూర్‌లోనో ఇంద్రవెల్లిలోనో ఇంటి గూట్లో పెట్టుకుని మింగే గోలీ అయింది.

ఇక గుండె లయ. ప్రతి దెబ్బకూ గుండె కణంలోకి సోడియం, కాల్షియం వస్తాయి. పొటాషియం బయటికి పోతే గాని కణం తిరిగి నెమ్మదించదు. ఈసీజీ మీద ఈ మొత్తం తతంగం క్యూటీ అనే దూరంగా కనిపిస్తుంది. పొటాషియం పోయే దారి మూసుకుపోతే ఏమవుతుందో కరీంనగర్‌వాళ్లకు చెప్పడం తేలిక. దిగువ మానేరు గేట్లు సగం తెరుచుకుని ఇరుక్కున్నాయి, నిండిన నీళ్లు దిగకముందే పైనుంచి ఇంకో వరద వచ్చింది. క్యూటీ సాగిన గుండెలో జరిగేది ఇదే. పాత దెబ్బ సద్దుమణగక ముందే కొత్త దెబ్బ పుడుతుంది, లయ మెలితిరుగుతుంది. 1966లో ఫ్రెంచి వైద్యుడు దెసెర్తెన్ దీన్ని వర్ణించి తొర్సాద్ ద పాయింత్ అన్నాడు. దానంతట అదే ఆగితే మనిషి కళ్లు తిరిగి పడి లేస్తాడు. ఆగకపోతే లేవడు. ఊళ్లో దాన్ని ‘గుండాగి పోయిండు’ అంటారు. క్యాన్సర్ ఉన్నవాడు కదా, ఇంకెవరూ ఏమీ అడగరు.

ఆ పొటాషియం దారి పేరు హెర్గ్. ఈగల మీద ఈథర్ పట్టించి చూస్తుంటే కొన్ని కాళ్లు విదిలిస్తూ నాట్యమాడాయట. అప్పట్లో లాస్ ఏంజిలిస్‌లో పేరున్న డాన్స్ క్లబ్ పేరు కలిపి ఆ ఈగల జన్యువుకు ఈథర్-ఎ-గో-గో అని పెట్టారు. 1994లో మనిషిలోనూ దానికి చుట్టం దొరికింది. మరుసటి ఏడాదే, పుట్టుకతో క్యూటీ సాగే జబ్బు ఉన్న కొన్ని కుటుంబాల్లో చెడిపోయింది ఇదేనని తేలింది. ఈ దారి లోపల వెడల్పు ఎక్కువ. మందుల అణువులు అంటుకోవడానికి అనువైన గోడలున్నాయి. అందుకే ఎక్కడెక్కడి మందులో వచ్చి ఇందులో ఇరుక్కుంటాయి.

1990లో అమెరికా వైద్య పత్రిక ఒకటి 39 ఏళ్ల ఒక మహిళ సంగతి ప్రచురించింది. ఆమె తుమ్ములకు టెర్ఫెనడిన్ వాడుతోంది, ఫంగస్‌కు కీటోకొనజోల్ తోడైంది. రెండూ విడివిడిగా వేలమంది వాడినవే. కాలేయంలో టెర్ఫెనడిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్‌ను కీటోకొనజోల్ ఆపేసింది. విరగాల్సిన మందు విరగకుండా రక్తంలో పేరుకుని హెర్గ్‌ను మూసింది. ఆమె లయ మెలితిరిగింది. ఆ దశాబ్దం చివరికి టెర్ఫెనడిన్, అస్టెమిజోల్, తర్వాత 2000లో సిసాప్రైడ్ అమెరికా మార్కెట్ నుంచి పోయాయి. 2005లో అంతర్జాతీయంగా రెండు మార్గదర్శకాలు వచ్చాయి. ఒకటి జంతువులు, కణాల మీద పరీక్షకు, రెండోది మనుషుల మీద పరీక్షకు. మందు క్యూటీని సగటున 5 మిల్లీ సెకన్లకు మించి సాగదీస్తుందా అన్నది అక్కడ అడిగే ప్రశ్న. ఈసీజీ కాగితం మీద ఒక చిన్న గడి 40 మిల్లీ సెకన్లు. గడిలో ఎనిమిదో వంతును వెతకాలన్నమాట. ఆరోగ్యంగా ఉన్న మనుషులకు మందు ఒకసారి, ఉత్తుత్తి మందు ఒకసారి, క్యూటీని కొద్దిగా సాగదీస్తుందని తెలిసిన మాక్సిఫ్లాక్సాసిన్ ఒకసారి ఇచ్చి వందల ఈసీజీలు పోల్చి చూస్తారు.

చాలా క్యాన్సర్ మందులకు ఈ కొలబద్ద సరిగా పనిచేయదు. కణాలను చంపే మందును ఆరోగ్యవంతుడికి ఇవ్వలేం. రోగికి ఇస్తే, అతనికి ఉత్తుత్తి మందు ఇచ్చి పోల్చడం అన్యాయం. పైగా ఆ రోగి అప్పటికే వాంతుల మందు మీద ఉంటాడు, రక్తహీనత ఉంటుంది, మధ్యలో ఒంట్లో పొటాషియం తగ్గిపోవచ్చు. క్యూటీ సాగితే సాగదీసింది ఏది అన్నది తేల్చడం కష్టం.

దానికంటే లోతైన చిక్కు 2012లో బయటపడింది. అప్పటిదాకా ప్రయోగశాలలో పద్ధతి ఏమిటంటే, హెర్గ్ ఉన్న కణం మీద మందు పోసి, సన్నని గాజు గొట్టంతో కరెంటు కొలిచి, నిమిషాల్లో తేల్చేయడం. అమెరికా పరిశోధకులు కొందరు నిలోటినిబ్‌ను గుండె కణాలతో గంటల తరబడి ఉంచి చూశారు. పీఐ3కే అనే కైనేజ్ దారి మూతపడి, పొటాషియం కరెంటు తగ్గడమే కాదు, ఆగిపోవాల్సిన సోడియం కరెంటు చివరిదాకా కారుతూ ఉండిపోయింది. నిమిషాల పరీక్షకు ఇది చిక్కదు. మందు హెర్గ్ గొంతులో ఇరుక్కోవడం ఒక దారి. కణం లోపలి కబురును ఆపేసి, దారులన్నిటినీ మెల్లగా మార్చేయడం ఇంకో దారి. మొదటిది నిమిషాల్లో కనిపిస్తుంది, రెండోదానికి గంటలు పట్టొచ్చు. నా అంచనాలో గత ఇరవై ఏళ్లలో ఈ రంగంలో నేర్చుకున్న అతి ముఖ్యమైన సంగతి ఇదే, పాఠ్యపుస్తకాల్లో దీనికి రావలసినంత చోటు ఇంకా రాలేదు.

ఇబ్రుటినిబ్ అనే కైనేజ్ మందు మరో పాఠం. అది క్యూటీని సాగదీయదు. అయినా గుండె పై గదులు అదిరే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ తెస్తుంది. క్యూటీ మీదే కన్నేసి ఉంచిన పరీక్షలో అలాంటి మందు సాఫీగా పాసవుతుంది.

ఇప్పుడు మన జిల్లా దగ్గరికి వస్తాను. మందుల పరీక్షలు ఎక్కడో దూరాన జరుగుతాయని అనుకుంటాం. 2017లో జమ్మికుంట చుట్టుపక్కల యువకులు డబ్బు కోసం పెద్ద నగరాలకు పోయి మందుల పరీక్షల్లో పాల్గొని వస్తున్న సంగతి పత్రికలకెక్కింది. అలా పాల్గొన్న ఒకరి మరణం మీద ఆరోపణలు, విచారణలు వచ్చాయి. ఏది నిజమో తేల్చడం నా పని కాదు. నేను చూసేది ఒకే విషయం. మన కంపెనీలు చౌక మందు చేస్తే, అది అసలు మందుతో సమానంగా రక్తంలోకి చేరుతోందని రుజువు చేయాలి. చాలా మందుల విషయంలో ఆ రుజువు ఆరోగ్యవంతుల రక్తంలో వెతుకుతారు. ఇమాటినిబ్ లాంటి కొన్ని క్యాన్సర్ గోలీలూ అందులో ఉన్నాయి. ఆ ఆరోగ్యవంతులు ఎవరంటే, పని దొరకని ఊళ్ల కుర్రాళ్లు.

ఒక పరీక్షకూ ఇంకో పరీక్షకూ నడుమ మూడు నెలలు ఆగాలన్నది మామూలు ఆనవాయితీ. డబ్బు అవసరం ఉన్నవాడు ఒకచోట పేరు చెప్పి, ఇంకోచోట చెప్పకుండా పోతాడు. వాండెటానిబ్ సగం తగ్గడానికే రక్తంలో 19 రోజులు తీసుకుంటుంది. దాదాపుగా పూర్తిగా పోవాలంటే దానికి అయిదు రెట్లు, 95 రోజులు. మూడు నెలల గడువు కూడా దానికి చాలదు. ఆ మందును ఆ కుర్రాళ్లకు ఇచ్చారని నేను అనడం లేదు. గడువన్నది మందును బట్టి ఉండాలని, వాలంటీర్ల పట్టిక అన్ని కేంద్రాలకూ ఒకటే ఉండాలని అంటున్నాను. 2019 కొత్త నిబంధనలు ఇలాంటి సమానత్వ పరీక్షలను కూడా నైతిక కమిటీల కిందికి, నష్టపరిహారం కిందికి తెచ్చాయి. అది ముందడుగే.

సమానత్వం రుజువైన మందుకు గుండె లయ పరీక్ష మళ్లీ విడిగా జరగదు. అసలు కంపెనీ ఎప్పుడో చేసిన పరీక్షే దీనికీ వర్తిస్తుంది. అది సబబే, అణువు ఒకటే కనుక. కానీ ఆ అసలు పరీక్షలో ఉన్న రోగి ఎవరు? చేరేనాటికి పొటాషియం సరిగా ఉన్నవాడు, గుండె జబ్బు లేనివాడు, క్యూటీని సాగదీసే వేరే మందులు వాడనివాడు. ఆ లక్షణాలు లేనివాళ్లను చేర్చుకోరు.

మే నెలలో కోరుట్ల దగ్గరి పల్లెలో యాభై ఏళ్లు దాటిన బీడీ కార్మికురాలిని ఊహించండి. రొమ్ము క్యాన్సర్‌కు రైబోసిక్లిబ్ మింగుతోంది. స్త్రీ కావడం వల్లే క్యూటీ ముప్పు ఆమెకు మగవాళ్లకన్నా ఎక్కువ. రామగుండం, జగిత్యాల వైపు ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. మందు వల్లనో వడదెబ్బ వల్లనో విరేచనాలు పట్టుకున్నాయి. ఒంట్లోంచి పొటాషియం, మెగ్నీషియం పోతున్నాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి గ్లూకోజ్ బాటిల్ పెడతాడు. గ్లూకోజ్ ఎక్కితే ఇన్సులిన్ పెరిగి, రక్తంలో మిగిలిన కాస్త పొటాషియాన్నీ కణాల్లోకి తోస్తుంది. వాంతులకు ఒండాన్‌సెట్రాన్ సూది. అదీ క్యూటీని సాగదీస్తుంది. జ్వరానికి అజిత్రోమైసిన్ లేదా లెవోఫ్లాక్సాసిన్. అవీ అంతే. ఇక ప్రతి ఇంట్లో ఉండే గ్యాస్ గోలీ, పాంటప్రజోల్‌తో డాంపెరిడోన్ కలిసిన క్యాప్సూల్. ఐరోపా నియంత్రణ సంస్థ 2014లో డాంపెరిడోన్ వాడకాన్ని కట్టడి చేసింది, గుండె లయ కారణంగానే. పాంటప్రజోల్ జాతి మందులు ఏళ్ల తరబడి వాడితే మెగ్నీషియం పడిపోతుందని అమెరికా సంస్థ 2011లో హెచ్చరించింది. ఒకే క్యాప్సూల్‌లో రెండు వైపుల నుంచి దెబ్బ.

ఆదిలాబాద్ ఏజెన్సీలో ఈ పట్టికకు మలేరియా మందులు చేరతాయి. క్లోరోక్విన్, క్వినైన్ రెండూ క్యూటీని సాగదీసేవే. నిలోటినిబ్ అయితే ఇంకో తిరకాసు ఉంది. పరిగడుపున మింగాలి. మింగడానికి రెండు గంటల ముందు నుంచి, మింగిన తర్వాత ఇంకో గంట దాకా ఏమీ తినకూడదు. నూనె, కొవ్వు బాగా ఉన్న భోజనం మీద మింగితే రక్తంలో మందు 82 శాతం పెరిగినట్టు తేలింది. ‘గోలీ ఏసుకుంటే కడుపుల మంటయితది, బువ్వ తిని ఏసుకో’ అని మనం ప్రతి మందుకూ చెప్పే సలహా, ఈ మందుకు ప్రాణాంతకం కావచ్చు.

మన పల్లెల్లో ఇలా జరిగిపోతున్న ఈ పరీక్షను ఎవరూ రూపకల్పన చేయలేదు, ఎవరూ రాసుకోవడం లేదు. జమ్మికుంట కుర్రాడి రక్తాన్ని గంటగంటకూ కొలిచి రాసుకున్నారు. కోరుట్ల ఆమె గుండెను ఎవరూ కొలవరు. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. లయ భద్రత గోలీలో ఉండే గుణం కాదు. గోలీ, ఎండ, విరేచనాలు, పక్కన వేసిన ఇంకో సూది కలిస్తే తేలే ఫలితం. కనుక పరీక్ష సగం హైదరాబాద్‌లో అయితే మిగతా సగం ఇక్కడ కావాలి.

కావలసినది పెద్దదేమీ కాదు. మందుల కరపత్రాల్లోనే ఉంది. నిలోటినిబ్‌కు మొదలుపెట్టే ముందు ఒక ఈసీజీ, వారం తర్వాత ఇంకొకటి. రైబోసిక్లిబ్‌కు మొదట ఒకటి, 14వ రోజున ఒకటి. పొటాషియం, మెగ్నీషియం సరిచేశాకే మందు. గుండె వేగానికి సరిచేసిన క్యూటీ, అంటే క్యూటీసీ, 480 మిల్లీ సెకన్లు దాటితే మందు ఆపి, రాసిన వైద్యుడికి ఫోన్ చేయాలి. ఏరియా ఆసుపత్రుల్లో ఈసీజీ యంత్రం ఉంది. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు దాదాపు 300 కిలోమీటర్లు. అందుకే అక్కడివాళ్లు చాలామంది నాగపూర్ పోతారు. ఒక ఈసీజీ కోసం మనిషిని అంత దూరం పంపనక్కరలేదు.

యువ వైద్యులకు ఒక హెచ్చరిక. యంత్రం అచ్చేసిన క్యూటీసీ అంకెను కళ్లు మూసుకుని నమ్మకండి. చాలా యంత్రాలు 1920 నాటి బాజెట్ సూత్రం వాడతాయి. గుండె వేగం ఎక్కువైతే ఆ సూత్రం ఎక్కువ చూపిస్తుంది. మన రోగులకు జ్వరం, రక్తహీనత మామూలు, నాడి 120 ఉంటుంది. అప్పుడు క్యూటీ 340 అయితే బాజెట్ లెక్కలో 481, భయపడి మందు ఆపేస్తారు. అదే 1920లో డెన్మార్క్‌కు చెందిన ఫ్రెడరీషియా ఇచ్చిన సూత్రంలో 428, ఏ భయమూ లేదు. బతికించే మందును అనవసరంగా ఆపడం కూడా హానే. ఫ్రెడరీషియా సూత్రానికి కావలసిన ఘనమూలం కట్టడం ఫోన్‌లో అర నిమిషం పని.

ఫార్మసిస్టులకు ఒక మనవి. క్యాన్సర్ గోలీ వాడుతున్నవాళ్లు గ్యాస్ క్యాప్సూల్ అడిగితే అమ్మే ముందు ఒక్క ప్రశ్న అడగండి. విరేచనాలంటే ఓఆర్ఎస్ ఇవ్వండి, అందులో లీటరుకు 20 మిల్లీమోల్స్ పొటాషియం ఉంది, గ్లూకోజ్ బాటిల్‌లో లేదు. ఎవరైనా కళ్లు తిరిగి పడిపోతే ఆ సంగతి రాసి పంపండి. దేశవ్యాప్త ఔషధ నిఘా కార్యక్రమం 2010 నుంచి నడుస్తోంది, 1800-180-3024కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఉత్తర తెలంగాణ నుంచి పది నివేదికలు వెళ్లినా, ఏ రెండు మందులు కలిస్తే ఏమవుతుందో ఇక్కడి ఎండల్లో మొదటిసారి కాగితం మీదికి వస్తుంది.

ఇదంతా జిల్లాల్లో సాధ్యమా అని అడిగేవాళ్లకు టీబీ వైపు చూడమంటాను. మందులకు లొంగని టీబీకి 2016లో మన దేశానికి బెడాక్విలిన్ వచ్చింది. అది కూడా క్యూటీని సాగదీస్తుంది. దాంతో మాక్సిఫ్లాక్సాసిన్, క్లోఫాజిమిన్ లాంటి ఇంకొన్ని అలాంటివే కలిపి ఇవ్వాలి. మొదట్లో కొన్ని పెద్ద ఆసుపత్రుల్లోనే ఇచ్చారు, ఇప్పుడు జిల్లాల్లో ఇస్తున్నారు. మందుకు ముందు ఈసీజీ, తర్వాత తేదీల ప్రకారం ఈసీజీ, రక్తంలో లవణాల పరీక్ష, చికిత్స కార్డు మీద అన్నీ నమోదు. టీబీ విభాగం సిబ్బంది ఆ పని చేస్తున్నారు. క్యాన్సర్ గోలీ మింగే మనిషి అదే ఆసుపత్రికి, అదే ఓపీ వరండాకు వస్తాడు. ఆ కార్డులో మందు పేరు మార్చి, ఈసీజీ తేదీలు మార్చి ఒక నమూనా రాసుకొచ్చాను. సభ ముగిశాక బయట బల్ల మీద ఉంటుంది, తీసుకుని తప్పులుంటే దిద్దండి.